ఆరని కఫన్

సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో బాను ఇంట పొద్దున్నే జరిగే మొదటి పని, బీరువా అడుగున పెట్టిన గిన్నెలో నీళ్లు పారబోయడం. పై అరలో ఆమె అత్త జైనబ్బీ కఫన్ ఉంది. మూడేళ్ల కిందట ప్రొద్దుటూరు నుంచి హజ్‌కు పోయినప్పుడు, తన చావుకు చుట్టాల్సిన ఆ తెల్లగుడ్డను అందరు హాజీల్లాగే ఆమె కూడా మక్కాలో జమ్‌జమ్ నీళ్లతో తడిపి తెచ్చుకుంది. అందరి గుడ్డలూ ఆరాయి. ఈమెది ఆరలేదు. విమానంలో కారింది, సిడ్నీ కస్టమ్స్ బల్ల మీద కారింది, ఇప్పుడు బీరువాలో కారుతోంది. దానికేముంది, కారే గుడ్డ కారక మానుతుందా? బాను ఆ నీళ్లు కరివేపాకు కుండీకి పోస్తుంది. పక్కింటి సుమ కూడా చెంబు పట్టుకొస్తుంది.

జైనబ్బీకి ఉన్న కోరిక ఒక్కటే. పోయినప్పుడు తనను ఆ గుడ్డలోనే చుట్టాలి. కొడుకు నిస్సార్ అహ్మద్ చేత ఒట్టు కూడా వేయించుకుంది. పాపం అతనికి వినే తీరికేదీ? రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని ఆఫీసువాళ్లు బెదరగొట్టారు. కొత్త ఏడాది వచ్చింది, కంప్యూటర్లు బాగానే ఉన్నాయి, మనిషి మాత్రం ఇల్లు చేరలేదు.

అవి రంజాన్ చివరి రోజులు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. జైనబ్బీ ఒక్కపొద్దుతోనే, ఏడాది నిండని మనవరాలు యుస్రాను ఒళ్లో వేసుకుని మక్కా కథ చెప్పేది. అప్పట్లో అక్కడ చెట్టు లేదు, చేమ లేదు. ఇబ్రాహీం నబీ అల్లా మాట మీద భార్య హాజిరాను, చంటిబిడ్డ ఇస్మాయీల్‌ను ఆ రాళ్లలో వదిలిపోయాడు. తిత్తిలో నీళ్లయిపోయాయి. ఆ తల్లి సఫా గుట్ట నుంచి మర్వా గుట్టకు, మర్వా నుంచి సఫాకు పరిగెత్తింది. బిడ్డ కాళ్ల దగ్గర జమ్‌జమ్ బుగ్గ పుట్టింది. నీళ్లు చూసి బిడారులు ఆగాయి, ఊరు లేచింది, తర్వాత తండ్రీకొడుకులు కాబా కట్టారు. ఇప్పుడు లోకమంతా అటు తిరిగే నమాజు చేస్తోంది. హాజీలు నేటికీ ఆ తల్లి పరుగే పరిగెత్తుతారు. పిల్లకేం అర్థమయ్యేదో గానీ ఊఁ కొట్టేది.

పండగ రెండు రోజులుందనగా బాను హారిస్ పార్క్ బజారులో సేమ్యాలు, ఖర్జూరాలు కొనుక్కొచ్చింది. ఇంటి ముందు ఆపిన కారులో యుస్రా ఏడుస్తుంటే తాళంచెవుల గుత్తి చేతికిచ్చి, సంచులు వసారాలో పెట్టి వచ్చింది. ఈలోపల పిల్ల గుత్తి మీది మీట నొక్కేసింది. తలుపులన్నిటికీ టక్కున తాళాలు పడ్డాయి.

బాను కారు చుట్టూ తిరిగింది. ఈ తలుపు లాగింది, ఆ తలుపు లాగింది, మళ్లీ ఇటొచ్చింది. ఎటూ రాలేదు. అత్తను కేకేసింది. లోపల యుస్రా ఏడ్చి ఏడ్చి ఆపేసింది. ఆ ఆపడం ఏడుపు కన్నా ఘోరంగా ఉంది. కేకలు విని వచ్చిన సుమ అంబులెన్సుకని ట్రిపుల్ జీరోకు ఫోన్ చేసింది. జైనబ్బీ పచ్చడిబండ తెచ్చి అవతలివైపు అద్దం పగలగొట్టింది.

పిల్ల ఒళ్లు పెనంలా కాలుతోంది. కళ్లు తేలేసింది. జైనబ్బీ లోపలికి పోయి కఫన్ తెచ్చింది.

బాను బిడ్డను వెనక్కి లాక్కుంది. "అత్తా, అది శవానికి చుట్టేది. నా బిడ్డ బతికే ఉంది."

"బతికుంది గాబట్టే. ఇటియ్యి."

ఇచ్చింది. జైనబ్బీ పసిదాన్ని తల నుంచి కాళ్ల దాకా చుట్టేసింది. గుడ్డలోంచి ఆవిరి లేచింది. సుమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంబులెన్సు సందు మలుపు తిరిగేసరికి ఆ మూటలోంచి కేర్‌మని ఏడుపు వినబడింది. ఆలస్యమైతే దక్కేది కాదన్నారు ఆసుపత్రిలో.

సాయంత్రం బిడ్డతో ఇంటికొచ్చి, మళ్లీ బీరువాలో పెడదామని బాను గుడ్డ విప్పింది. ఎక్కడా చుక్క తడి లేదు. "అత్తా, నీ కఫన్ ఆరిపోయింది. నా వల్లే" అని భోరుమంది.

జైనబ్బీ అంచు పట్టుకుని నలిపి చూసింది. ముఖం పాలిపోయింది. తర్వాత కత్తెర తెమ్మంది.

"కఫన్ ఎవరైనా కత్తిరిస్తారా అత్తా?"

"ఆ నీళ్లు పుట్టింది పసిబిడ్డ కోసరం. నేనే సావుకని దాసిపెట్టుకుంటి. నన్ను మట్టిలో పెట్టను ఏ గుడ్డయినా సరిపోతాది."

కత్తెర పడ్డ చప్పుడుకు బాను ఉలిక్కిపడింది.

"ఏడ్చింది చాలు గానీ, బిడ్డను నిలబెట్టి పట్టుకోమే. జుబ్బాకు బుజాల కొలత తీసుకోవల్ల."