అద్దం గదిలో అవ్వ మాట

నేను ఒక మైకును. పాటల మైకును కాదు, సభల మైకును అంతకంటే కాదు. సినిమా బొమ్మలకు గొంతులు అతికించే డబ్బింగ్ గదిలో బతికినదాన్ని. నా కథ నెమ్మదిగా చెప్పమంటే నావల్ల కాదు, కోపంతోనే చెబుతాను. ఈ చెబుతున్న తెలుగు కూడా ఆ గదిలో చెల్లుబాటైన తెలుగే. నా చెవిన పడనిచ్చింది అదొక్కటే మరి.

ఏదో చలిదేశపు ఫ్యాక్టరీలో నన్ను చేశారు. నా లోపల సన్నటి పొర ఒకటి ఉంటుంది. గాలి కదిలితే అదీ కదులుతుంది, అంతే. మాట్లాడింది ఎవరు, ఏ ఊరివాళ్ళు, ఎవరి పిల్లలు అని అడగడం దానికి రాదు. ఓడెక్కి మద్రాసు వచ్చాను. సినిమావాళ్ళంతా మూటాముల్లె సర్దుకున్నప్పుడు వాళ్ళతోపాటు హైదరాబాదు చేరాను. అక్కడా ఇక్కడా జరిగేది ఒకటే తంతు. తెలుగు ముక్క రాని అందగత్తెను తెచ్చి కెమెరా ముందు నిలబెడతారు. ఆమె పెదవులు ఊరికే ఆడిస్తుంది. చీకటి గదిలో నా ముందు ఇంకో ఆడపిల్ల నిలబడి ఆ పెదవులకు మాట పోస్తుంది. జనం ఈలలు వేసేది మాత్రం ఆ అందగత్తెకే.

అలా మాట పోయడానికి వచ్చిన పిల్ల అందాలు. కామారెడ్డి దగ్గర పల్లె. తండ్రి లేడు. తల్లి లచ్చవ్వ బీడీలు చుట్టి పెంచింది. తల్లిని ఆ పిల్ల 'అవ్వా' అని పిలుస్తుంది, వాళ్ళ వైపు అంతే.

"పేరేంటమ్మా?" అని అడిగాడు డబ్బింగ్ ఇంచార్జి సత్యమోహన్, యంత్రాల గదికి అడ్డంగా ఉన్న అద్దం అవతలి నుంచి, స్పీకరులో.

"అందాలు సార్."

అద్దం వెనక నవ్వులు. "పేరా అది, బిరుదా? అమూల్య అని పెడదాం. తెర మీద బావుంటుంది."

సత్యమోహన్ చెడ్డవాడని అనను. తెనాలి వైపు మనిషి. విసుక్కోకుండా నేర్పాడు. కానీ ఒక మాట నేర్పినప్పుడల్లా ఒక మాట కోసేశాడు. "'గట్ల' కాదమ్మా, 'అలా'. 'వోతున్న' ఏంటి, 'వెళ్తున్నాను' అను. నాలుక మీంచి మీ ఊరిని దించెయ్యి." ఆ పిల్ల దించేసింది. ఎంతగా అంటే, ఒకరోజు సౌండ్ ఇంజనీరు వహీద్‌తో నవ్వుతూ చెప్పింది: "ఊళ్ళో ఇంటికి వెళ్ళినా ఇలాగే మాట్లాడేస్తున్నానట భాయ్. మా అవ్వ నన్ను 'ఏమండీ మేడంగారూ' అని పిలుస్తోంది."

కొన్నేళ్ళకు పెద్ద పెద్ద నాయికలందరికీ ఆమె గొంతే. అయితే పనిమనిషో, రౌడీ తల్లో, కల్లు దుకాణం ముసలిదో తెర మీదికి వచ్చినప్పుడు సత్యమోహన్ స్పీకరు మీట నొక్కి అనేవాడు: "ఇప్పుడు నీ ఒరిజినల్ తియ్యమ్మా." ఆమె తీసేది. సాగదీసి, మొరటు చేసి, అందరూ నవ్వేదాకా తీసేది. తనూ నవ్వేది. మహారాణికి ఒక తెలుగు, అంట్లు తోమేదానికి ఒక తెలుగు అని ఎవరు పంచారో నాకు తెలియదు. పంచినవాళ్ళ మీద మాత్రం నాకు మంట.

ఒక మధ్యాహ్నం లచ్చవ్వ స్టూడియోకి వచ్చింది. కంటి ఆపరేషన్‌కని పట్నం వచ్చి, బిడ్డ పని ఎలా ఉంటుందో చూస్తానంది. వహీద్ ఆమెను తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ రోజు సీను ఒక బీడీలు చుట్టే ఆడదాని మీద. ఆమె కొడుకును హీరో చెంప మీద కొడతాడు. ఆమె ఒళ్ళోని బీడీల చాట కింద పడేసి లేస్తుంది.

అందాలు అంది: "నా కొడుకును గొట్టనీకె నీకు చెయ్యెట్లొచ్చిందిరా? నీ చెయ్యిరుగ!"

"ఇంకొంచెం మోటు," అన్నాడు సత్యమోహన్. "నోట్లో జర్దా ఉన్నట్టు, సాగదియ్యి."

సాగదీసింది. అద్దం వెనక అందరూ విరగబడి నవ్వారు. నవ్వు ఆగాక లచ్చవ్వ గొంతు వినబడింది. గట్టిగా కాదు. నిజంగా తెలియక అడిగింది.

"కొడుకును గొడితె తల్లి తిట్టదా? ఆమె ఏం తప్పు మాట్లాడిందని గంత నవ్విన్రు, బిడ్డా?"

అందాలు ఊపిరి నాకు తగులుతోంది. వేడిగా. సత్యమోహన్ "సరే, మళ్ళీ" అన్నాడు. బొమ్మ మళ్ళీ ఆడింది. ఈసారి ఆమె సాగదీయలేదు. కొడుకు దెబ్బతిన్న తల్లి ఎలా అంటుందో అలా అంది. గదిలో ఎవరికీ నవ్వు రాలేదు.

"కామెడీ పోయిందమ్మా."

"అందులో కామెడీ ఏడున్నది సార్?" ఆయనతో ఆమె తన మాటలో మాట్లాడటం అదే మొదలు. "ఇన్నేండ్ల సంది మీ అమ్మ మాట నా నోట్ల వెట్టుకొని బతుకుతున్న. ఒక్కనాడన్న నవ్విన్నా?"

సత్యమోహన్ గొంతు మారిపోయింది. "పనిలోకి ఇల్లు తేకమ్మా. నువ్వు కాకపోతే ఇంకో అమ్మాయి చేస్తుంది," అన్నాడు.

చేసింది కూడా. తెలంగాణ పల్లె గడప తొక్కని పిల్ల వచ్చి, అందాలు గొంతును ఎగతాళిగా అనుకరించి వెళ్ళింది. హాళ్ళలో జనం నవ్వారు. అందాలుకు పిలుపులు తగ్గి, ఆగిపోయాయి. మీరు డయల్ చేసిన నంబరు అందుబాటులో లేదని చెప్పే గొంతు కొన్నాళ్ళు ఆమెదేనని వహీద్ చెప్పాడు.

తర్వాత రాష్ట్రం వేరైంది. ఎగతాళి చేసిన మాటే ఇప్పుడు తెర మీద సరుకైంది. హీరోలకు ఆ మాట కావాలి, నాయికలకు కావాలి. సత్యమోహన్ స్వయంగా ఫోన్ చేసి అందాలును పిలిపించాడు. "ఇప్పుడంతా మీదే నడుస్తోందమ్మా," అన్నాడు, పాత గొడవేమీ గుర్తులేనట్టు. సినిమాలో ఒక తెలంగాణ పల్లెలో తల్లి చనిపోతుంది. కూతురి ఏడుపు కావాలి.

సత్యమోహన్ టీకి వెళ్ళినప్పుడు ఆమె వహీద్‌తో చెప్పింది. లచ్చవ్వ ఆ ఏడాదే పోయింది.

"శవం ముంగట గూసున్న భాయ్. మా దిక్కు ఆడోళ్ళు రాగం దీసి, అన్ని చెప్పుకుంట ఏడుస్తరు. నేను గూడ నోరు తెరిచిన. నా మాట నాకే దొంగమాట లెక్క ఇనవడ్డది. ఎవరో అద్దం ఎనుక నవ్వుతున్నట్టే ఉన్నది. నోరు మూసుకున్న. మా అవ్వకు నేను ఏడ్వలే భాయ్."

అప్పుడు నాకు వచ్చిన కోపానికి లోపలి పొర చిరిగిపోతుందేమో అనిపించింది. మనిషి పేరు తీశారు, మాట తీశారు, చివరికి కన్నతల్లి మీద పడి ఏడ్చే ఏడుపు కూడా తీసేశారు. అదీ మంచి మనసుతో, బాగుపడతావమ్మా అంటూ.

బొమ్మ ఆడింది. చేతిలోని డైలాగు కాగితం ఆమె స్టాండు మీద పెట్టేసింది. కళ్ళు తెర మీద లేవు.

"అవ్వా... ఓ నా అవ్వా... బీడీల చాట ఒళ్ళె వెట్టుకొని నన్ను సాదితివి అవ్వా... నీ మాట అమ్ముకొని నేను బువ్వ తింటి అవ్వా... నవ్వెటోళ్ళ నడుమ నిన్ను గూసోవెడితి అవ్వా..."

బొమ్మ అయిపోయింది. ఆమె ఆగలేదు. నా పొర అంతగా ఎప్పుడూ వణకలేదు. ఆగాక సత్యమోహన్ ఏడ్చాడని ఆయన గొంతులోనే తెలిసింది. నిజమైన కన్నీళ్ళే.

"అద్భుతం తల్లీ. పెదాలకి మాత్రం సరిగ్గా కూర్చోలేదు. ఇదే ఫీల్‌తో ఇంకో టేకు చేద్దాం."

"మా అవ్వ ఒక్కసారే సచ్చిపోయింది సార్."

అని హెడ్‌ఫోన్ తీసేసింది. "వహీద్ భాయ్, తుడిచెయ్."

"ఏయ్, వద్దు! ఉంచు! ఎడిటింగ్‌లో సర్దుకుందాం!"

వహీద్ ఆయన వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసినట్టున్నాడు. మీట నొక్కిన చప్పుడు విన్నాను.

"బంగారంలాంటి ఏడుపు పాడుచేశారు కదరా!" అని సత్యమోహన్ అరిచాడు. అందాలు అప్పటికే సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. వహీద్ ఉద్యోగం ఆ వారంలోనే పోయింది.

నేనూ పాతబడ్డాను. ఎర్రగడ్డ పాతసామాన్ల సంతలో, తుప్పుపట్టిన స్టాండ్ల కుప్పలో పడి ఉన్నాను. ఆ సినిమా మీరు చూసే ఉంటారు. తల్లి పోయే చోట గుండె పిండేసిందని చెప్పుకునే ఉంటారు. ఆ గొంతు మర్నాడు ఇంకెవరినో పిలిచి చెప్పించినది. అందాలు ఏడ్చిన ఏడుపు మీకు దొరకదు.