లొరెటా అంటే కుడి

మోకాళ్ల పట్టీలు సర్దుకుని మేబ్రీ వరస మధ్యలో తానే వంగి నిలబడ్డాడు. తొమ్మిదేళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద జట్టులో కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందించినవాడు. టీవీలో అతని వీపు చూసినవాళ్లు లక్షల్లో ఉంటారు, ముఖం తెలిసినవాళ్లు తక్కువ. కాన్సస్‌లోని ఈ చిన్న కాలేజీకి కోచ్‌గా వచ్చి మూడు వారాలైంది. ఆటలో విరిగిన రెండు వేళ్లు ఇప్పటికీ తిన్నగా సాగవు. అయినా కంటినిండా నిద్ర పడుతోంది. పొద్దున్నే తడి గడ్డి తొక్కుతూ మైదానానికి రావడం బాగుంది.

శనివారం మొదటి ఆట. వరసలోని ఐదుగురూ ఒక్క మాటకు ఒక్కవైపు కదలకపోతే వెనక బంతి పట్టుకున్న కుర్రాడి ఎముకలు మిగలవు.

"లొరెటా!" అని కేకేసి మేబ్రీ ఎడమకు దూకాడు. మిగతా నలుగురూ కుడికి దూకారు. నడుమ దారి దొరికిన ఎదుటివాళ్లు వచ్చి, వెనక బంతి పట్టుకున్న డాబ్స్‌ను వెల్లకిలా పడేశారు.

"చంపేద్దామనా కోచ్? లొరెటా అంటే కుడి!" అన్నాడు డాబ్స్, పడుకునే.

"ఎల్‌తో మొదలైతే లెఫ్టురా. దేశమంతా అంతే."

"ఇక్కడ కాదు. కావాలంటే ముసలాయన్నడుగు."

ముప్పై ఏళ్లు ఈ వరసకు నేర్పి, ఈ వేసవిలో పని మానేసిన యోడర్ కంచె అవతల తన బండికి ఆనుకుని ఉన్నాడు. బండి వెనక పెట్టెలు తాళ్లతో కట్టి ఉన్నాయి. మేబ్రీ కుంటుతూ వెళ్లాడు.

"ఆ పేర్లు మార్చేద్దామనుకుంటున్నా సార్."

"మార్చుకోవోయ్. వరస నీది." యోడర్ టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. "లొరెటా మా ఆవిడ. నలభై ఏళ్లు బండిలో నా కుడి పక్క సీట్లో కూచుని, తిరగాల్సిన మలుపు దాటిపోయాక చెప్పేది."

ఆమె మార్చిలో పోయిందని మేబ్రీ ముందే విన్నాడు.

"మరి ఎడమకి రూబీ అంటారట?"

"మా కుక్క. బండికి ఎడమ పక్కనే పరిగెత్తేది, మొండిది."

ఇద్దరూ నవ్వారు.

"శనివారం దాకా ఉండండి సార్."

"ఉంటే అరుస్తాను. వాళ్లు నా గొంతు వింటారు. నీది వినాలి. ఆరిజోనాలో చెల్లెలు ఎదురుచూస్తోంది."

మేబ్రీ తిరిగివచ్చి వంగాడు. తొమ్మిదేళ్ల అలవాటు నడుమును ఎడమకు లాగింది.

"లొరెటా!"

కుడికి దూకాడు. ఐదుగురూ ఒకే తలుపులా తిరిగారు. డాబ్స్ నిలబడే ఉన్నాడు.

"కోచ్‌కి దారి తెలిసిందిరోయ్!"

మేబ్రీ నవ్వుతూ తలెత్తేసరికి బండి ధాన్యం గోదాములు దాటిపోతోంది. కంచె గుంజ మీద యోడర్ ఫ్లాస్కు మూత, అందులో సగం తాగిన కాఫీ, ఇంకా పొగలు వస్తూ.