యాభై మూడు వాట్లు

మినప్పప్పు ఎగదోద్దామని గ్రైండర్‌లో చెయ్యి పెట్టానో లేదో, మోచేతి దాకా జివ్వుమంది. కేక పెట్టలేదు. అలవాటైపోయింది. మొదటిసారి షాక్ కొట్టి అరిచినప్పుడు, "మీ పుట్టింట్లో గ్రైండరే చూళ్లేదా?" అన్నారు మా అత్తగారు జగదాంబ గారు. రబ్బరు చెప్పులు వేసుకుని రుబ్బుతానంటే, దేవుడి గూడున్న వంటింట్లోకి చెప్పులా అంటూ ఆ పూట అన్నం ముట్టలేదు. అన్నం ముట్టలేదు గానీ, ఉప్మా రెండుసార్లు పెట్టించుకున్నారు.

మా ఆయన వరప్రసాద్ కరెంటు సంగతులు తెలియనివాడేం కాదు. సినిమా షూటింగులకు లైట్లు, జనరేటర్లు అద్దెకిస్తాడు. ఒకసారి ఫిల్మ్‌నగర్‌లో హీరోయిన్ కారవాన్ తలుపు పట్టుకుంటే చురుక్కుమన్నదట. ఉన్నపళంగా షూటింగ్ ఆపించి, దగ్గరుండి ఎర్తింగ్ వేయించి వచ్చాడు. "పాపం, సుకుమారమైన మనిషి," అని భోజనాల దగ్గర ఒకటే జాలి. మరి మన గ్రైండర్ సంగతేంటంటే, "తడిచేత్తో ముట్టుకోకు," అన్నాడు. పొడిచేత్తో పిండి ఎలా రుబ్బాలో మాత్రం చెప్పలేదు.

నేనలా రుబ్బుతున్న ఆ సాయంత్రం, హాల్లో మా అమ్మాయి మనోజ్ఞ పదో తరగతి లెక్కతో కుస్తీ పడుతోంది. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, రెంటినీ గుణిస్తే పవర్. పిల్లకు తలకెక్కడం లేదు.

"మీ అమ్మనే తీసుకో," అన్నాడాయన. "ఇంట్లో రెండొందల ముప్ఫై వోల్టులు. తడిచేత్తో గ్రైండర్ ముట్టుకుంటే మీ అమ్మ ఒంట్లోంచి పాయింట్ రెండు మూడు ఆంపియర్లు పోయిందనుకో. రెసిస్టెన్స్ ఎంత?"

"వెయ్యి ఓమ్‌లు."

"పవర్?"

"యాభై రెండు పాయింట్ తొమ్మిది. యాభై మూడు వాట్లనుకో నాన్నా."

"చూశావా, మీ అమ్మ అరవై వాట్ల బల్బుకి కూడా సరిపోదు!"

అత్తగారు పడీపడీ నవ్వారు. పిల్ల నవ్వలేదు.

"అంత కరెంటు పోతే మనిషి బతుకుతుందా నాన్నా?"

"బతకదు," అన్నాడు, టీవీ రిమోట్ వెతుక్కుంటూ.

వంటింట్లో నా వేళ్లనుంచి పిండి కారుతోంది. ఇన్నాళ్లూ ఆయనకు తీరిక లేదనుకున్నాను, మర్చిపోతున్నాడనుకున్నాను, నాలుగు పనుల్లో ఉన్న మగవాడు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మర్చిపోలేదు. లెక్క వేసే ఉంచుకున్నాడు. ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది.

"ఏవండీ, కాస్త వచ్చి పిండి ఎగదోయండి. నా చెయ్యి లాగేస్తోంది," అన్నాను.

"అదేమన్నా బ్రహ్మవిద్యా?" కూతురు చూస్తోందని హుషారుగా లేచి వచ్చాడు. చెయ్యి తడుపుకున్నాడు. తిరుగుతున్న గ్రైండర్ దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అంతలో అత్తగారు గబగబా వచ్చారు. గుమ్మం దగ్గరి హవాయి చెప్పులు తన చేతులతో పట్టుకుని, దేవుడి గూటి ముందునుంచే నడిచి, కొడుకు కాళ్ల దగ్గర పెట్టారు.

"ముందు ఇవి వేసుకో నాయనా. తడిచెయ్యి."

గ్రైండర్ కట్టేసి, చెయ్యి కడుక్కుని, వెళ్లి మనోజ్ఞ పక్కన కూర్చున్నాను.

తెల్లారేసరికి సగం నలిగిన పప్పు గ్రైండర్‌లోనే పులిసి, గట్టుమీదికి పొంగింది. ఇడ్లీలు ఏవని అత్తగారు అడిగారు.

"చెప్పులు అక్కడే ఉన్నాయి అత్తయ్యా," అన్నాను. "మీ అబ్బాయిని వేసుకోమనండి."