దొరసాని తొడుక్కున్న అంగీ

కుట్టుమిషన్ పట్టా జారిపోతే దాన్ని మళ్లీ చక్రానికి ఎక్కిస్తున్న రామచంద్రం, గుమ్మంలో ఎవరో నిలబడ్డ నీడ కనబడగానే తల ఎత్తకుండానే "రేపు" అన్నాడు.

పెద్దపల్లి స్టేషన్ రోడ్డులో అందరికీ తెలిసిన మాట అది. రవికెకైనా లాగుకైనా అతని దగ్గర ఒకటే జవాబు. అబద్ధమాడాలని కాదు. ఎవరినీ కాదనలేక వచ్చిన బట్టంతా పుచ్చుకుంటాడు, పుచ్చుకున్నది కుట్టేలోపు ఇంకొకరు వస్తారు. యాభై దాటిన మనిషి. బుగ్గలు లోపలికి పోయి, మెడలో టేపు, కనుబొమల మీద సుద్దపొడి, పెదవుల మధ్య రెండు గుండుసూదులు. తండ్రిది మగ్గం. మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడం పడక, మీసాలు రాకముందే షోలాపూర్ పోయి కుట్టుపని నేర్చుకుని తిరిగొచ్చాడు. పెళ్లి చేసుకున్నాడు, కూతురిని బెల్లంపల్లిలో ఇచ్చాడు. చెప్పుకోదగ్గది అతని బతుకులో ఏదీ జరగలేదు. జరగలేదన్న దిగులూ అతనికి లేదు.

"రేపు కాదు, రామచంద్రం. ఇయ్యాల్నే కావాలె. అయ్యేదాంక ఈడనే కూసుంట."

గొంతు విని లేచి నిలబడ్డాడు. వచ్చింది ఇందిరాదేవి. నాలుగు ఊళ్ల అవతల భూమి ఉన్న దొరసాని. భర్త పోయినప్పటి నుంచి వ్యవసాయం తానే చూసుకుంటుంది. ఆమె పెళ్లి రవికెలు కూడా అతను కుట్టినవే. కూర్చుని, ఒళ్లో ఉన్న గుడ్డసంచి జాగ్రత్తగా తెరిచి చూపించింది. లోపల ఒక రివాల్వర్. రామచంద్రం పెదవుల మధ్య సూదులు రెండూ కింద పడ్డాయి.

దీన్ని ఒంటి మీద పెట్టుకుని తిరగడానికి ఏదైనా కుట్టి ఇమ్మని అడిగింది. సంగతంతా చెప్పింది. పోయిన నెల పొద్దుగూకే వేళ పొలం నుంచి వస్తుంటే కల్వర్టు దగ్గర ఇద్దరు బండి ఆపి, బండి తోలే హనుమండ్లును కొట్టి, ఆమె మెడలో గొలుసు తెంపుకుపోయారు. కరీంనగర్‌లో వకీలు చేసే అన్న మధుసూదన్‌రావు, భూమి కౌలుకిచ్చి తన ఇంటికి వచ్చేయమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. భర్త రివాల్వర్ లైసెన్సు ఆమె పేరున మారింది. కాల్చడం ఆయనే నేర్పాడు. అయితే కాల్చడం వేరు, నింపినదాన్ని పొద్దంతా మోయడం వేరు. నడుములో దోపుకుని కల్లానికి పోతే, వంగినప్పుడు జారి వడ్లు తూర్పారబట్టే ఆడవాళ్ల కాళ్ల మధ్య పడింది. పేలలేదు. ఈ సంగతి తెలిసి అన్న ఈరోజు జీపు తీసుకుని ఇక్కడికే వస్తున్నాడు.

"ఆయనొచ్చేలోపల మంచిగ మోసే ఉపాయం దొరికితె ఉంట, లేకపోతె నీ ఎంబడే వస్తనని మాటిచ్చిన" అంది.

ఆల్టరేషన్‌కిచ్చిన ప్యాంటు కోసం బల్ల మీద కూర్చున్న రాజం అప్పుడు నోరు విప్పాడు. పోలీసు ఆయుధాల గదిలో పనిచేసి రిటైరైన హెడ్ కానిస్టేబుల్. ముందు అడిగింది ఒక్కటే, నింపి ఉందా అని. ఉందంది. వెనక ఖాళీ జాగాలోకి తీసుకుపోయి, గొట్టం నేల దిక్కు పెట్టించి తూటాలన్నీ తీయించాడు. వాటిని తన దస్తీలో మూటగట్టి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాతే రామచంద్రం టేపు చేతిలోకి తీసుకున్నాడు.

మొదట లంగాకు లోపల పెద్ద జేబు పెట్టాడు. ఆమె నాలుగడుగులు వేస్తే అది రోకలిలా ఊగి మోకాలికి కొట్టుకుంది. పైగా పల్చటి గుడ్డ మీంచి కాల్చే మీట వేలికి తగులుతోంది. రాజం తల అడ్డంగా ఊపాడు. చేతిసంచిలో అయితేనో అని ఆమే అంది, మళ్లీ ఆమే వద్దంది. సంచి బండిలో పెట్టి మడి గట్టు మీదికి పోతే అది ఎవరి చేతికి దొరుకుతుందో. తాళంచెవులు అందులోనే ఉంటే ఏది దేనికి తగులుకుంటుందో. ఇక ఎడమవైపు కొంగు కింద అడ్డంగా పెట్టి చూశారు. దాచడానికి బాగుంది. రాజం ఆమెను బండిలో కూర్చున్నట్టు బల్ల మీద కూర్చోమన్నాడు.

"హనుమండ్లు ఏ దిక్కు కూసుంటడమ్మా?" అని అడిగాడు.

ఆమె చెయ్యి చాపి చూపించింది. గొట్టం కూడా సరిగ్గా అటే చూస్తోంది. దొంగల చేత దెబ్బలు తిన్నవాడికి ఇదొకటా అని రామచంద్రానికి నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు. ఒక్క క్షణానికి ఆమే నవ్వింది.

కుడి నడుముకు, గొట్టం నోరు నేల దిక్కు ఉండేటట్టు, నిటారుగా పెట్టాలని తేలింది. రామచంద్రం పాత టార్పాలిన్ ముక్క నాలుగు మడతలు వేశాడు. పక్కన చెప్పులు కుట్టే అతని దగ్గర గట్టి తోలు తెచ్చి మడతల మధ్య పెట్టాడు. మిషన్ సూది విరిగింది. ఇంకొకటి వేశాడు, అదీ విరిగింది. చివరికి దబ్బనం పట్టుకుని చేత్తోనే కుట్టాడు. మీట పూర్తిగా మునిగిపోయేంత లోతు, పైన మూత, మూతకు పెద్ద గుండీ, నడుముకు వెడల్పాటి పట్టా. ఖాళీ రివాల్వర్ అందులో పెట్టి ఆమె వంగింది, కూర్చుంది, లేచింది. బండి దిగినట్టు దుకాణం అరుగు మీంచి కిందికి దూకింది. రోడ్డు మీద పోయే ఇద్దరు ఆగి చూశారు. అది కదల్లేదు.

అయితే ఇంకో చిక్కు వచ్చింది. కొంగు ఎడమ భుజం మీద ఉంటుంది. కుడి నడుము మీద తోలుసంచి లోకమంతటికీ కనబడుతోంది. గుంజుకునేవాడికి జాగా చూపించినట్టే అన్నాడు రాజం.

రామచంద్రం భార్య కనకవ్వ కలుపుకు పోతూ దుకాణాన్ని ఆనుకున్న ఇంట్లోంచి బయటికొచ్చింది. చీర మీద మగడి పాత అంగీ తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడుచుకుంది. ఇందిరాదేవి ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. ఆ అంగీ కింద ఏం పెట్టుకుంటావని అడిగింది. తమాకు డబ్బీ, కొడవలి, ఒక్కోసారి మక్కకంకులు కూడా అని చెప్పింది కనకవ్వ.

"ఏదున్నా లోపల్నే దొరసాని. ఎవలకు ఎర్క?"

రామచంద్రం సిగ్గుతో చచ్చిపోయాడు. కూలికి పోయేవాళ్ల అంగీ దొరసాని ఎట్లా తొడుగుతుంది? ఆమె అప్పటికే కొయ్యకు వేలాడుతున్న గళ్ల అంగీ అందుకుంటోంది. తిరిగి తిరిగి విసిగిపోయి ఎవరో తీసుకుపోకుండా వదిలేసింది అది. రామచంద్రం గబగబా కుడిపక్క కుట్టు విప్పి, చెయ్యి సులువుగా లోపలికి పోయేటట్టు చీలిక పెట్టి అంచు మడిచి కుట్టాడు.

రాజం తూటాలు తిరిగి ఇచ్చాడు. "పాతకాలం రివాల్వర్ అమ్మా. ఐదే నింపుండ్రి. సుత్తి కింది గది ఖాళీగ ఉండాలె, అప్పుడు కింద వడ్డా పేలదు. ఇంట్ల అడుగువెట్టంగనే తీసి తాళమెయ్యుండ్రి" అన్నాడు. ఆమె వెనక జాగాలోకి పోయి, అతను చెప్పినట్టే నేల దిక్కు పెట్టి నింపుకుంది. సంచిలో పెట్టి, గుండీ వేసి, అంగీ సర్దుకుంది.

సరిగ్గా అప్పుడే జీపు ఆగింది. ఇంకొకరు కూర్చోవడానికి జాగా చేస్తూ డ్రైవర్ వెనక నుంచి ఒక పెట్టె దించి అరుగు మీద పెట్టాడు. తెల్ల ప్యాంటు, బట్టతల, పెద్ద పొట్టతో మధుసూదన్‌రావు దిగి, ఎదురుగా ఉన్న గళ్ల అంగీ మనిషిని పక్కకు జరగమని, ఇందిరాదేవి ఏదయ్యా అని రామచంద్రాన్ని అడిగాడు.

"అన్నా" అంది గళ్ల అంగీ.

ఆయన దగ్గరికొచ్చి ముఖం చూశాడు. ఈ వేషమేందని అడిగాడు.

"పొలం పనిజేసే ఆడోళ్ల వేషమే. నేను జేసేది గదే గదన్నా" అంది.

కింద పడ్డ గుండుసూదులు రెండూ వంగి ఏరి బల్ల మీద పెట్టింది. ఆయన కళ్లు ఆమె నడుము దగ్గరే ఉన్నాయి. అంగీ మడత కూడా చెదరలేదు. రాజాన్ని పక్కకు పిలిచి చాలాసేపు ఏవేవో అడిగాడు. రాజం ఓపికగా చెప్పాడు. తిరిగొచ్చి చెల్లెలి ముందు నిలబడి, ఆమె అంగీ కాలరు ఒకవైపు ముడుచుకుని ఉంటే దాన్ని సరిచేశాడు.

"చీకటి పడకముందే ఇల్లు చేరు" అన్నాడు.

అంతే. జీపు ఎక్కాడు. జీపు రైల్వే గేటు దాటిందాకా ఆమె చూస్తూ నిలబడింది. హనుమండ్లు బండి కట్టుకొస్తే ఎక్కి కూర్చుంది. పొద్దు ఇంకా బాగానే ఉంది. కనకవ్వ కూడా అదే తోవకు పోవాలి కనుక ఆమెనూ ఎక్కమంది. గళ్ల అంగీ, పాత అంగీ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటూ పోయాయి. వెనక నుంచి చూస్తే దొరసాని ఎవరో రామచంద్రానికే తెలియలేదు. ఏదో పాత షోలాపూర్ పాట పాడుకుంటూ లోపలికి తిరగబోయి ఆగాడు.

చెల్లెలి చీరలు సర్దుకుపోవడానికి మధుసూదన్‌రావు తెచ్చిన రేకుపెట్టె అరుగు మీదే ఉండిపోయింది. ఆకుపచ్చ రంగు వాసన ఇంకా పోలేదు. మూత కొంచెం తెరుచుకుని ఉంది. లోపల, అడుగున పరిచిన కొత్త పేపరు మీద, తెల్లటి కలరా ఉండలు నాలుగు ఎండకు మెరుస్తున్నాయి.