మేకు దిగిన చెప్పు

కుప్పంలో జరిగే నర్సుల సదస్సులో మన ఆసుపత్రి తరఫున మాట్లాడేది ఫ్లారెన్స్ అని డాక్టరమ్మ రాహేలు ప్రకటించిన రోజు, విల్సన్‌కు మధ్యాహ్నం తిన్న సంగటి సాయంత్రానికి కూడా అరగలేదు.

మదనపల్లెలోని ఆ చిన్న మిషన్ ఆసుపత్రిలో పుండ్లు కడిగి కట్లు కట్టే డ్రెస్సింగ్ రూము ఆయనది. చక్కెర జబ్బుతో కాళ్లు పుండ్లు పడినవాళ్లంతా ఏళ్ల తరబడి ఆయన చేతులమీదుగానే లేచి నడిచారు. ఫ్లారెన్స్ నిన్నగాక మొన్న వచ్చిన నర్సు. పనిమంతురాలు. ఆయన కడుపుమంటా అందుకే. చేతకానిదైతే నవ్వుకుని ఊరుకునేవాడు.

సదస్సు దగ్గర పడ్డాక ఒక సాయంత్రం ప్రార్థన గదిలో ఆమె తన ప్రెజెంటేషన్‌ను అందరి ముందూ చెప్పి చూసుకుంది. ఒక్కో స్లైడు నిండా చీమల బారులాగా అక్షరాలు. గోడవైపు తిరిగి వాటినే చదివింది. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలించింది.

"ఎట్లుండాదన్నా?" అంటూ నేరుగా విల్సన్ దగ్గరికే వచ్చింది ఫ్లారెన్స్.

చర్చిలో ఎవరెట్లా పాడినా బయటికొచ్చాక అనే మాటే అన్నాడాయన. "శానా బాగుండాదమ్మా. ఒక్క అక్షరం గూడా తీయవాకు."

"పోన్నా! నాకే నిద్రొస్తాంటే! ఇంత రాత యాల? మన చెంగమ్మ కత ఒక్కటి సాలదా? ఆ చెప్పు నీ దగ్గరే ఉండాది గదా, ఇయ్యన్నా. అందరికీ సూపిస్తా."

చెంగమ్మ పుంగనూరులో పూలమ్మే మనిషి. చెప్పులోంచి మేకు పాదంలోకి దిగినా, జబ్బు వల్ల స్పర్శ పోయి, పొద్దంతా దాని మీదే తిరిగింది. ఆ పాదాన్ని మేకునుంచి ఊడదీసింది విల్సనే. మేకుతో సహా ఆ చెప్పు అప్పటినుంచీ ఆయన బీరువాలోనే ఉంది.

"అదా? యలకలు కొరికేసినాయమ్మా. పారేసినా."

ఆమె వెళ్లగానే చెప్పును గుడ్డలో చుట్టి తన సంచిలో వేసుకున్నాడు. మాట్లాడటం అయ్యాక ప్రశ్నలు అడుగుతారు కదా. అప్పుడు వెనక వరుసలోంచి లేచి దాన్ని ఎత్తి పట్టుకుంటాడు. హాలంతా తనవైపు తిరుగుతుంది. ఆమె స్లైడ్లు వెలవెలబోతాయి. ఈ ముచ్చట తలుచుకున్నప్పుడల్లా ఆయనకు కడుపు చల్లబడేది.

సదస్సు రోజు డాక్టరమ్మ, ఫ్లారెన్స్, విల్సన్ ముగ్గురూ బస్సులో కుప్పానికి బయలుదేరారు. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు ఫ్లారెన్స్ ల్యాప్‌టాప్ తెరిచింది.

"కోపం సేసుకోవాకన్నా. నువ్వు వద్దన్నా రాతంతా తీసేసినా."

నాలుగు బొమ్మలే మిగిలాయి. ఒకటి ఆమె పెన్సిలుతో గీసిన చెప్పు. మేకు కాస్త వంకరగా వచ్చింది. దాని కింద 'చెంగమ్మ పాదాన్ని కాపాడినది మా విల్సనన్న' అని ఉంది.

"అసలుది ఉండుంటే ఎంత బాగుండు!" అంది.

విల్సన్ సంచిని సీటు కిందికి నెట్టాడు. తన పేరు చూసి సంతోషపడాలి. పడలేకపోయాడు. నా పేరు కూడా ఈమె రాస్తేనే పైకి రావాలా అనిపించింది.

హాల్లో ఫ్లారెన్స్ గోడవైపు తిరగనే లేదు. "పొద్దున లేచి మీ అరికాళ్లు ఎవరైనా సూసుకున్నారా?" అని అడిగింది. అందరూ తలలు వంచి పాదాల వంక చూసుకున్నారు. విల్సన్ కూడా వంగాడు, వంగినందుకు తనను తానే తిట్టుకున్నాడు. ఆమె చెంగమ్మ కథ చెబుతుంటే ఒక్కరూ ఫోను ముట్టలేదు.

చివర్లో ముందు వరుసలోని పెద్దాయన అడిగాడు. "ఆ చెప్పు ఉందామ్మా? చూడాలనుంది."

"లేదు సార్. యలకలు కొరికేసినాయంట."

విల్సన్ చెయ్యి సంచి జిప్పు మీదికి వెళ్లింది. లేస్తే అబద్ధం బయటపడుతుంది. కూర్చుంటే చప్పట్లన్నీ ఆ వంకర మేకు బొమ్మకే పోతాయి. సిగ్గు కూర్చోమంది. అసూయ కూర్చోనివ్వలేదు.

"ఉండాది సార్!" అని లేచాడు.

హాలంతా వెనక్కి తిరిగింది. డాక్టరమ్మ కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఫ్లారెన్స్ ఒక్క క్షణం ఆయన్నే చూసి, మైకు దగ్గరికి వంగింది.

"మా అన్న భద్రంగా దాసినాడు సార్. ఆఖర్న సూపిద్దామని అనుకున్యాం."

చప్పట్లు మోగాయి. ఆయన అనుకున్నదానికంటే గట్టిగానే మోగాయి. ఆమె చెప్పును అందుకుని పైకెత్తగానే అందరూ ఫోన్లతో ముందుకొచ్చారు. ఆ ఫొటోల్లో చెప్పుంది, దాన్ని పట్టుకున్న ఫ్లారెన్స్ ఉంది. ఓ మూల విల్సన్ భుజం సగం పడింది.

తిరుగు ప్రయాణంలో డాక్టరమ్మ ఆయన పక్క సీటు ఖాళీగా ఉన్నా ముందుకెళ్లి కూర్చుంది. పుంగనూరు దాటాక ఫ్లారెన్స్ గుడ్డమూట ఆయన చేతిలో పెట్టింది.

"ఇదోన్నా. మళ్లా పారేసుకోవాకు."

ఆ గొంతులో కోపం కోసం వెతికాడు విల్సన్. దొరకలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేది! మదనపల్లె వచ్చేదాకా, మేకు గుచ్చుకోకుండా ఆ మూటను ఒళ్లో అటూ ఇటూ మార్చుకుంటూనే ఉన్నాడు.