రెండో బ్రేకు

మాస్టారు ఎప్పటిలాగే ఆరింటికి కారెక్కి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, పసుపుపచ్చ గుడ్డతో డాష్‌బోర్డు తుడుస్తున్నారు. ఇరవై రెండేళ్ల అలవాటు. కారు రిపేరు షెడ్డులో ఉందని గానీ, దాని ముక్కు నలిగి లోపలికి పోయిందని గానీ చేతికి పట్టలేదు. మూలల్లోని దుమ్ము కూడా వేలితో తీసి, గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకున్నారు.

డ్రైవింగు నేర్పే కారుకి రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్లకి, రెండోది పక్కన కూర్చునే మాస్టారికి. ఆ రెండోదాన్ని తొక్కీ తొక్కీ ఆయన కుడి పిక్క ఎడమదానికన్నా లావెక్కింది. ఇంట్లో భార్య గొంతు పెంచినా సరే, ఆ కాలు దానంతటదే నేలని నొక్కుతుంది. "ఇక్కడ బ్రేకులు పనిచెయ్యవు లెండి," అంటుందావిడ. ఊళ్లో అందరికీ ఆయన బ్రేకు మాస్టారే. అసలు పేరు ఆయన లైసెన్సుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

మూడు రోజుల కిందట, వాన వెలిసిన రోడ్డు మీద, నలభై దాటాక నేర్చుకోవడానికి వచ్చిన ఒక నర్సమ్మ మలుపులో కంగారుపడి బ్రేకనుకుని ఆక్సిలరేటరు తొక్కేసింది. మాస్టారు తన బ్రేకు తొక్కారు. చక్రాలు ఆగాయి గానీ కారు ఆగలేదు. జారుకుంటూ పోయి, పక్కన ఆగి ఉన్న రొట్టెల వ్యానుని గుద్దింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. నర్సమ్మ వెక్కి వెక్కి ఏడుస్తుంటే, "నీదేం తప్పు తల్లీ, పక్కన నేనున్నదెందుకు?" అన్నారు మాస్టారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు.

మెకానిక్ వచ్చి కిటికీ మీద చేతులానించాడు.

"మాస్టారూ, ఉన్నమాట చెప్తున్నా. దీన్ని బాగుచేయించే డబ్బుతో ఇంకోటి కొనుక్కోవచ్చు. బీమావాళ్లు ఇస్తే వేరే సంగతి. లేకపోతే విప్పి సామాన్లు అమ్ముకోవడమే."

"మధ్యాహ్నం దాకా ఆగు నాయనా. ఒకాయన్ని కలిసొస్తా."

బీమా ఆఫీసులో నిన్ననే చెప్పేశారు. గడువు ప్రమాదానికి తొమ్మిది రోజుల ముందే అయిపోయిందని కౌంటరులోని అమ్మాయి కాగితం తిప్పి చూపించింది. "అదెలా అవుతుందమ్మా? ఆయన నాకు ఫోనే చెయ్యలేదు!" అన్నారు మాస్టారు. ఆయనెవరో ఆ పిల్లకేం తెలుసు?

ఆయనంటే ఏజెంటు. పద్దెనిమిదేళ్లుగా గడువుకి ఒకరోజు ముందు ఠంచనుగా ఫోన్ చేసేవాడు. "మాస్టారూ, బ్రేకు తొక్కే వేళయింది!" అని నవ్వేవాడు. ఆ సాయంత్రమే మాస్టారు బీమా ఆఫీసుకి వెళ్లి కట్టేసేవారు. కాగితం మీద తారీఖు ఏనాడూ చూసుకున్న పాపాన పోలేదు. నా బ్రేకుని నమ్ముకుని బండి నడిపేవాళ్లకి జన్మలో డ్రైవింగు రాదని శిష్యుల్ని తిట్టే మనిషి, ఇంకొకడి ఫోను నమ్ముకుని పద్దెనిమిదేళ్లు కారు తిప్పారు. చెప్పుకుంటే సిగ్గుచేటు.

నిన్నట్నుంచి ఎన్నిసార్లు చేసినా ఏజెంటు ఫోనెత్తలేదు. ముఖం చాటేస్తున్నాడని మాస్టారికి ఒళ్లు మండింది. వెళ్లి కడిగెయ్యాలి. కడిగేశాక, ఆఫీసులో తెలిసినవాళ్లతో చెప్పి ఏదో ఒక దారి చూపించమని కాళ్లావేళ్లా పడాలి. ఈ రెండూ ఒకే నోటితో ఎలా కుదురుతాయో ఆలోచించుకుంటూ, అడ్రసు కనుక్కుని నడిచారు.

రెండో అంతస్తు. తలుపు తీసిన పెద్దావిడ చేతులు తడిగా ఉన్నాయి. ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఎవరు కావాలండీ?"

"ఏజెంటుగారు. నేను డ్రైవింగు స్కూలు నుంచి."

"బ్రేకు మాస్టారా!" అందావిడ. "లోపలికి రండి. పరామర్శకి వచ్చారా, ఇంత దూరం? ఆయన పోయి మూడు వారాలైంది. నిద్దట్లోనే."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ముఖం కూడా సరిగా ఎరగని మనిషి కోసం కళ్లు చెమర్చడం ఆయనకే వింతగా అనిపించింది.

ఆవిడ అలమర మీది ఫోను చూపించింది. "ఎవరికెప్పుడు గుర్తుచెయ్యాలో అన్నీ అందులోనే పెట్టుకున్నారండీ. ఇప్పటికీ ఒక్కో రోజు ఒక్కో పేరుతో మోగుతుంది. ఆపెయ్యడానికి మనసు రాదు. మొన్నామధ్య మీ పేరుతోనూ మోగింది, నిన్నట్నుంచి మళ్లీ మళ్లీ మీ పేరే. ఏం మాట్లాడాలో తెలీక నొక్కేశాను. ఏమన్నా అవసరమైన సంగతా?"

మాస్టారి కుడికాలు నేలని గట్టిగా నొక్కింది.

"అబ్బే, ఏం లేదమ్మా. ఏడాదికోసారి ఊరికే పలకరించేవారు."

అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. మెకానిక్.

"విప్పేసెయ్," అన్నారు మాస్టారు. "వచ్చింది ముందు రొట్టెల వ్యాను ఆయనకిచ్చెయ్. నాకా? ఎవరి కారులోనైనా పక్క సీటు ఖాళీ ఉండకపోదులే."

"ఏంటండీ?" అందావిడ.

"పాత సామానమ్మా."

ఆవిడ మంచినీళ్లు తెచ్చింది. ఆయన గ్లాసు సగం తాగేసరికి అలమర మీది ఫోను మోగింది. ఆవిడ అలవాటుగా చెయ్యి చాపింది.

"నొక్కకండి," అన్నారు మాస్టారు, పిల్లలు కంగారుపడ్డప్పుడు మాట్లాడే నెమ్మదైన గొంతుతో. "ఇలా ఇవ్వండి."

తెర మీద 'కుట్టుమిషనమ్మ, స్కూటరు' అని ఉంది, కింద నంబరు. మాస్టారు గొంతు సవరించుకుని ఆ నంబరు నొక్కారు.

"అమ్మా, ఏజెంటుగారి తరఫున చేస్తున్నా. మీ స్కూటరు బీమా రేపటితో ఆఖరు. రేపు కాదు, ఈ సాయంత్రమే కట్టెయ్యండి. కాగితం తీసి తారీఖు మీరే చూసుకోండి. ఆయనా? ఆయన... ఇంక చెయ్యలేరమ్మా."

అవతలావిడ అడిగినవాటికి ఓపిగ్గా బదులిచ్చి పెట్టేశారు. పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. వారానికోసారి వచ్చి మిగతా పేర్లూ చూసిపెడతానని చెప్పి మాస్టారు లేచారు. ఫోను అలమర మీద బోర్లా పెట్టబోతూ ఆగారు. దాని వీపున, అరిగిపోయిన తెల్ల చీటీ ఒకటి అంటించి ఉంది. 'ఈ ఫోను దొరికినవారు దయచేసి ఈ నంబరుకు చెప్పగలరు' అని గుండ్రటి అక్షరాలు, వాటి కింద నిన్నట్నుంచి చేసి చేసి మాస్టారికి కంఠతా వచ్చిన, ఆ ఫోను సొంత నంబరే.