తనంతట తానే నడిచి వెళ్లింది

నినింగ్ అచ్చు ఆరబెట్టే ఓవెన్ నోటి దగ్గర కూలిపోయినప్పుడు ఆమె చేతుల్లో ఆవిర్లు పోతున్న ఏడు చొక్కాలున్నాయి. పక్క బల్ల దగ్గర ఫ్రేము మీద ఇంకు పరిచే స్క్వీజీ చెక్క లాగుతున్న ఇమాస్ ముందు చూసింది చొక్కాల్నే, మనిషిని కాదు. కింద పడితే మరకంటుకుంటాయని కేక వెయ్యబోయింది. ఆ కేక సగంలోనే ఆగిందిగాని, ఆ సగాన్నే ఆమె తర్వాత చాలా రోజులు తన చెవులతో వింటూ వచ్చింది.

మధ్యాహ్నం మూడయింది. బయట బాండుంగ్ నగరం వానకు చల్లబడి హాయిగా ఉంది. లోపల మాత్రం పొద్దుటినుంచీ గాలి లాగే ఫ్యాన్లు ఆపేశారు. గాలి ఆడితే ఓవెన్‌లో వేడి నిలవదని, పని సాగదని యజమాని ఫోన్‌లో ఆజ్ఞాపించాడు. ఆయనకేం, ఆయన గదిలో ఏసీ ఉంది. రేకుల కప్పు కింద, ఇంకు ఆవిర్లలో, ఫ్రేములు తుడిచే మందు ఘాటులో మేస్త్రీ కాక ఉన్నది పదకొండు మంది. తల తిరుగుతోందని నినింగ్ రెండుసార్లు చెప్పింది. ఈ లాటు అయిపోయాక కూర్చోమన్నాడు మేస్త్రీ తతాంగ్. లాటు అవలేదు.

ఇమాస్ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. నలభై ఆరేళ్ల ఇమాస్ కన్నతల్లినీ కట్టుకున్నవాణ్ణీ తన చేతుల్తో కడిగి సాగనంపిన మనిషి. ప్రాణం పోయిన చెయ్యి ఎలా వాలిపోతుందో ఆమెకు తెలుసు. తెలిసీ నోరు మూసుకుంది. అంబులెన్సు గేటు ముందు ఆగకూడదు, ఇంటికి దింపెయ్యండి అని ఆఫీసునుంచి కబురొచ్చింది. మోటార్ సైకిల్ మీద ముందు తతాంగ్, వెనక ఫ్రేములు చేసే యాయత్, మధ్యలో నినింగ్. తల పక్కకు ఒరిగిపోకుండా ఆమె తలగుడ్డను మెడచుట్టూ తిప్పి గట్టిగా కట్టింది ఇమాసే.

మర్నాడు కార్మిక శాఖకు పంపడానికి ఆఫీసునుంచి ఒక కాగితం వచ్చింది. "ఒంట్లో బాగా లేదని చెప్పి సెలవు తీసుకుని, గేటు దాకా తనంతట తానే నడిచి వెళ్లింది. ఇంట్లో మరణించింది." కింద పదిమంది సాక్షులకూ చోటు వదిలారు. అందరివీ మూణ్ణెల్ల కాంట్రాక్టులే. సంతకం పెట్టనివాళ్ల కాంట్రాక్టు సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పెద్దదని పెన్ను ముందు ఇమాస్‌కిచ్చారు. ఆమె పెట్టింది. ఆమె ముఖం చూసి మిగిలిన తొమ్మిదిమందీ పెట్టారు.

ఆ రోజునుంచి నినింగ్ నడుస్తూనే ఉంది. ఇమాస్ అన్నం వండుకుంటుంటే గుమ్మం ముందు నడుస్తుంది. బస్సు దిగి సందులోకి తిరిగితే వెనక చెప్పుల చప్పుడవుతుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. దయ్యమంటే ఇమాస్‌కు భయం లేదు. చచ్చినవాళ్లను పడుకోనివ్వాలి, తాను ఆ పిల్లను కాగితం మీద లేపి నడిపించిందని, ఆ నడక ఇంక ఆగదని ఆమె బాధ. కార్ఖానాలో ఓవెన్ నోటి దగ్గర నిలబడడానికి కూడా ఎవరూ ఒప్పుకోలేదు. మేస్త్రీ ఎంత అరిచినా కదల్లేదు. చివరికి అక్కడో అట్టపెట్టె పెట్టారు. చొక్కాలు వాటంతటవే అందులో పడుతున్నాయి.

ఏడోనాటి ప్రార్థనకు పదిమందీ వెళ్లారు. నినింగ్ తల్లి ఒయో అందరికీ టీ పోసి ఇమాస్ పక్కన చతికిలబడింది.

"గేటు దాకా నడిచిందట గదమ్మా. నువ్వు చూశావట. వెళ్తూ వెళ్తూ ఏమన్నా అన్నదా?"

ఇమాస్ గ్లాసు కింద పెట్టింది. ఏమీ అనలేదని చెప్పింది. ఆమె చెప్పిన నిజం అదొక్కటే.

నెల తిరక్కుండా కొత్త ఆర్డరు వచ్చింది. ఈసారి ఆర్డరు యజమానిదే. కార్మిక శాఖవాళ్లు ప్రమాదాలు లేని కార్ఖానా అని ఆయనకు అవార్డిస్తున్నారు. ఆ రోజు మైదానంలో కుట్టుపనివాళ్లతో సహా కార్ఖానాలోని నాలుగొందలమందీ ఒకే చొక్కా తొడుక్కోవాలి. సగం పాలియెస్టర్ కలిసిన ముదురు మెరూన్ గుడ్డ, రొమ్ము మీద పెద్ద తెల్ల హెల్మెట్టు, దాని కింద "ఒక్క ప్రమాదమూ లేదు" అనే అక్షరాలు. సిగ్గు అనేది కొందరికి పుట్టుకతోనే రాదు.

గేటు ఎదురుగా బజ్జీల కొట్లో పెద్ద గొడవే అయింది. ఓవెన్ బెల్టు నడిపే చెచెప్ ఈ చొక్కా ముట్టుకోకూడదన్నాడు, పని ఆపేద్దామన్నాడు. ఇద్దరు పిల్లల తల్లి లిలిస్ ఒప్పుకోలేదు.

"నీకేం నాయనా, వెనకా ముందూ ఎవరూ లేరు. నువ్వు ఆపెయ్. రేపు నీ జాగాలో ఇంకోణ్ణి తెస్తారు. గేటు బయట ఎంతమంది ఉన్నారో చూళ్లేదా?"

కార్మిక శాఖకు చెబుదామన్నారొకరు. అక్కడున్న కాగితం మీద మన సంతకాలే ఉన్నాయన్నాడు యాయత్. అంతటితో అందరూ చప్పబడ్డారు.

"అయితే సంతకం చేసిన చేతుల్తోనే ఆ హెల్మెట్టూ అచ్చెయ్యండి," అన్నాడు చెచెప్. "నినింగ్‌ని దాని కింద పాతెయ్యండి."

ఇమాస్ అప్పటిదాకా ఒళ్లో ఉన్న తుడుపుగుడ్డ కేసి చూస్తోంది. ఒకప్పుడు వాపసొచ్చిన ఆటల చొక్కా అది. దాని మీద తెల్ల అంకె ఎప్పుడో గులాబీ రంగుకు తిరిగింది.

"పాతేద్దాం," అంది నెమ్మదిగా. "అలాగే పాతేద్దాం."

ఆ పనిలో పుట్టి పెరిగినవాళ్లకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ముదురు పాలియెస్టర్‌కు వేడి తగిలితే గుడ్డలోని రంగు పైకి లేస్తుంది, తెల్ల ఇంకులోకి పాకుతుంది. ఆ రోజు కనబడదు. తెలుపు పాలనురుగులాగే ఉంటుంది. మూడు నాలుగు రోజులకు లోపలినుంచి ఎరుపు తేలుతుంది. అలా జరక్కుండా తెలుపు కింద ముందుగా బూడిదరంగు పూత అడ్డం వేస్తారు. ఆ పూతలో కొంత జాగా వదిలేస్తే, వదిలిన మేరకే రంగు ఎక్కుతుంది. వదిలిన జాగా అక్షరాలైతే అక్షరాలే ఎక్కుతాయి.

యాయత్ ఆ మధ్యాహ్నమే కొత్త ఫ్రేముకు మందు పూసి, వెలుగు చూపించి, పూత పడని అక్షరాలు దానిలో దించాడు. మూడు రోజులు అచ్చు నడిచింది. లిలిస్ బూడిద పూత లాగింది, ఇమాస్ దానిమీద తెలుపు లాగింది. ప్రతి చొక్కా మీదా ఒక్క క్షణం నినింగ్ పేరు కనబడేది, తెలుపు వచ్చి కప్పేది. నాలుగొందలసార్లు ఆ పిల్లను పూడ్చినట్టుంది ఇమాస్‌కు. మొదటిరోజు ఏడ్చింది. రెండోరోజునుంచి వెనక చెప్పుల చప్పుడు వినబడలేదు. తొందర పని గనక యజమాని వేడి ఇంకా పెంచమన్నాడు. వాళ్లు మహా సంతోషంగా పెంచారు.

తనిఖీ చేసేది తతాంగ్. మేస్త్రీ కాకముందు పదేళ్లు స్క్వీజీ లాగిన చెయ్యి అది. మొదటి చొక్కా తీసి హెల్మెట్టు మీద బొటనవేలు నడిపాడు. కంటికి కనబడనిది వేలికి తెలుస్తుంది, పూత ఉన్నచోట ఎత్తు, లేనిచోట పల్లం. వేలు ఒక అక్షరం మీదినుంచి ఇంకో అక్షరం మీదికి మెల్లగా వెళ్లింది. చివరిదాకా వెళ్లి ఆగింది. షెడ్డులో పదిమందీ చేతిలో పని ఆపి చూస్తున్నారు. తతాంగ్ చొక్కా మడిచి పక్కన పెట్టాడు. ఇంకోటి తియ్యకుండానే కట్టలన్నిటిమీదా ముద్ర వేసి, ముఖం కడుక్కోవడానికి బయటికి వెళ్లిపోయాడు.

అచ్చు పూర్తయిన నాలుగోరోజు ఉదయం మైదానంలో ఎండ బాగా కాసింది. వేదిక మీద అధికారులు, యజమాని, పూలమాలలు. ఎదురుగా వరసలు తీరిన నాలుగొందల మెరూన్ చొక్కాలు. చొక్కాలు పంచింది ఆ పొద్దునే గనక కట్టలు విప్పేదాకా ఎవరూ చూడలేదు. చూసినవాళ్లకు సంగతి ఒకరి చెవినుంచి ఒకరికి అందింది. తొడుక్కోనివారు లేరు. తెల్ల హెల్మెట్ల మీద, పుండుకు కట్టిన గుడ్డలోంచి రక్తం ఊరినట్టు, ఒకే పేరు ఊరి ఉంది.

కార్మిక శాఖ అధికారి నినింగ్ అంటే ఎవరని యజమానిని అడిగాడు.  యజమాని వెంటనే చొక్కాలు విప్పెయ్యమని మైకులో కేకలేశాడు. వరసల్లో సగం మంది ఆడవాళ్లు. మీ ఇంటి ఆడవాళ్లతో విప్పించమని ఎవరో గట్టిగానే అన్నారు.

పోలీసులు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇన్‌స్పెక్టర్ పుస్తకం తెరిచి, ఇదెవరి పని అని అడిగాడు. యజమాని యాయత్‌ని చూపించాడు. యాయత్ ముందుకొచ్చాడు.

"ఫ్రేము నాదే సార్. కానీ ఫ్రేమొక్కటే ఉంటే చొక్కా అచ్చవదు."

"పూత లాగింది నేను," అంటూ లిలిస్ వచ్చి అతని పక్కన నిలబడింది. పిల్లలున్నారని ఆమెకు గుర్తులేక కాదు. బెల్టు తనదన్నాడు చెచెప్. ఇంకు కలిపినవాళ్లు, మడతపెట్టినవాళ్లు వచ్చారు. తెలుపు నేను లాగానంది ఇమాస్. ఆఖర్న, ఎవరూ పిలవకుండానే, తతాంగ్ వచ్చాడు. వేలితో తడిమి తెలిసే వదిలేశానన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కరి పేరూ, చేసిన పనీ వరసగా రాసుకున్నాడు. పద్ధతైన మనిషి.

"ఓవెన్ దగ్గర చొక్కాలందుకున్నదెవరు?"

 అట్టపెట్టె అని చెప్పొచ్చు. ఇమాస్ ఒక అడుగు ముందుకేసింది.

"నినింగ్."

"ఎక్కడుంది?"

"అక్కడే పోయింది సార్. ఓవెన్ దగ్గరే. ఫ్యాన్లు ఆపేశారు, తల తిరుగుతోందన్నా కూర్చోనివ్వలేదు. గేటు దాకా నడిచిందని సంతకం పెట్టింది నేను. అబద్ధం. చచ్చిపోయిన పిల్లని బండి మీద కూచోబెట్టాం. తల వాలకుండా గుడ్డ కట్టింది ఈ చేతులే. రాయండి."

ఇన్‌స్పెక్టర్ వేదిక వైపు చూశాడు. పెన్ను కాగితానికి ఆనించలేదు. వాదన తర్వాత, ముందు పదకొండుమందీ వ్యానెక్కండి అన్నాడు.

"రాయండి సార్," అంది లిలిస్.

రాయమన్నాడు తతాంగ్. వెనక కుట్టుపనివాళ్ల వరసల్లోంచి అదే మాట వచ్చింది. కేకలు కావు, మామూలు గొంతులే, కానీ నాలుగొందలు. లాఠీలు తీశారు. వ్యాను ఇంజను ఆడుతూనే ఉంది, తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. అతను పెన్ను కాగితం మీద పెట్టి ఆ పేరు రాసేదాకా ఒక్కరూ వ్యానెక్కలేదు.